బోర్డు మీద ఫార్ములా చివర్లో

ప్రాక్టికల్స్ వైవాలో ఒక కుర్రాడు స్టాండర్డ్ డీవియేషన్ (ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) లెక్క ఒక్క తప్పు లేకుండా చేశాడు. పట్టిక గీశాడు, విచలనాలు తీశాడు, వర్గాలు కూడాడు, వర్గమూలం కట్టాడు. జవాబు 12.4. కింద రెండు గీతలు గీసి చుట్టూ డబ్బా కూడా కట్టాడు. నేను ఊరికే అడిగాను, "ఇది ఎక్కువా, తక్కువా?" అని. వాడు కాసేపు కాగితం వంక చూసి, "ఆన్సర్ కరెక్టే కదా మేడమ్?" అన్నాడు.

కరెక్టే. పక్కన ఇంకో ఎగ్జామినర్ ఉన్నారు కాబట్టి నవ్వి ఊరుకున్నాను, మార్కులు వేసేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. జవాబు చెప్పలేకపోవడం వాడి తప్పు కాదు. అలాంటి ప్రశ్న ఒకటుంటుందని నేను వాడికి ఎప్పుడూ చెప్పలేదు. అప్పటికి ఎనిమిదేళ్లుగా స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. నిర్వచనం, ఫార్ములా, ఒక మాదిరి లెక్క, ఇంటికి నాలుగు లెక్కలు. నేను చదువుకున్నదీ ఇలాగే. ఈ పద్ధతిలో మార్కులొస్తాయి, నాకూ వచ్చాయి. మార్కులొచ్చినవాళ్లమే టీచర్లమవుతాం కాబట్టి పద్ధతి బాగానే ఉందనుకుంటాం. దీనివల్ల సబ్జెక్టు అంటేనే భయపడి పారిపోయినవాళ్లు ఆ మాట చెప్పడానికి స్టాఫ్ రూములో ఉండరు కదా! రెండో ప్రపంచ యుద్ధంలో అబ్రహం వాల్డ్ అనే గణాంక శాస్త్రవేత్త లెక్క కట్టింది సరిగ్గా ఈ చిక్కునే. తిరిగొచ్చిన యుద్ధవిమానాల మీది తూట్లు చూసి ఎక్కడ కవచం వేయాలో తేల్చేస్తే కుదరదు, తిరిగి రానివాటి సంగతీ లెక్కలోకి రావాలి. క్లాసులో ఈ కథ ఎన్నోసార్లు చెప్పాను. నాకే వర్తిస్తుందని మాత్రం తట్టలేదు.

సరే, మార్చాలనుకున్నాను. మొదటి ప్రయత్నం ఘోరంగా పోయింది.

కథలు చెబితే ఆసక్తి పుడుతుందని ఎవరో అన్నారు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1858లో అచ్చువేయించిన పటం ప్రింట్ తీసి తీసుకెళ్లాను. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు ఏ నెల ఎందుకు చనిపోయారో చూపే రెక్కల పటం అది. గాయాలతో పోయినవాళ్లకి ఎరుపు, నివారించగలిగిన రోగాలతో పోయినవాళ్లకి నీలం. నీలం ముందు ఎరుపు ఏపాటిదీ కాదు. ఇరవై నిమిషాలు ఆవేశంగా చెప్పాను. పిల్లలు బుద్ధిగా విన్నారు. చివర్లో ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, ఇది పటాల వల్ల ఉపయోగాలు అన్న ప్రశ్నకి రాయొచ్చా?"

అప్పుడు అర్థమైంది. కథ నాది, ఆవేశం నాది, కనిపెట్టింది నైటింగేల్. పిల్లలకి మిగిలింది నోట్సు రాసుకోవడమే. సిగ్మా గుర్తు బదులు రంగుల బొమ్మ వచ్చింది, అంతే తేడా.

రెండోసారి చెప్పడం తగ్గించి, చేయించడం మొదలుపెట్టాను. నాణేల ఆట చాలామందికి తెలిసే ఉంటుంది, గణితం వాళ్ల మధ్య ఎప్పటినుంచో ఉన్నదే. క్లాసుని నలుగురేసి చొప్పున గుంపులు చేశాను. సగం గుంపులు నాణెం 200 సార్లు నిజంగా ఎగరేసి బొమ్మా బొరుసా రాయాలి. మిగతా సగం నాణెం ముట్టకుండా, నిజంలా కనిపించేలా 200 ఫలితాలు తలలోంచి రాయాలి. ఎవరు ఏది చేస్తున్నారో నాకు తెలియకూడదు. నేను వరండాలో నిలబడతాను. కాగితాలు కలిపేసి నాకిస్తే, ఏవి నిజమో ఏవి కల్పితమో చెబుతానన్నాను.

లోపలికి వచ్చి కాగితాలు ఒక్కొక్కటీ పైకెత్తి, పది సెకన్లు చూసి, "ఇది నిజం, ఇది అబద్ధం" అంటూ రెండు కట్టలుగా పెట్టాను. ఒక్కటి తప్ప అన్నీ సరిపోయాయి. క్లాసులో గోల. ఎవరో చెప్పేశారన్నారు, కిటికీలోంచి చూశానన్నారు. నేను ఏమీ చెప్పలేదు. రెండు కట్టలూ వాళ్ల ముందు పరిచి, మీరే చూసి చెప్పండి అన్నాను.

పావుగంట పట్టింది. చివరి బెంచీలో కూర్చుని ఏడాదంతా నోరు విప్పని ఒకడు లేచి, "నిజమైన వాటిలో బొమ్మ వరసగా ఆరు సార్లు, ఏడు సార్లు పడింది మేడమ్. మేం మాత్రం నాలుగోసారి రాయగానే అనుమానం వచ్చి మార్చేశాం" అన్నాడు. అదే కిటుకు. 200 సార్లు ఎగరేస్తే కనీసం ఒక్కచోటైనా ఆరు లేదా అంతకన్నా ఎక్కువ సార్లు వరసగా ఒకే ముఖం పడే అవకాశం నూటికి 95 పైనే. మనసు మాత్రం అంత పొడుగు వరసని ఒప్పుకోదు. యాదృచ్ఛికం అంటే కలగాపులగంగా, సమానంగా పరుచుకుని ఉండాలనుకుంటుంది.

నేను తప్పు చెప్పిన ఆ ఒక్క కాగితం సంగతి తర్వాత తేలింది. నాణెం ఎగరేయాల్సిన గుంపే అది. వంద దాకా ఎగరేసి విసుగొచ్చి మిగతా వంద వండేశారు! కోప్పడదామనుకున్నాను. కానీ అంతకన్నా మంచి పాఠం దొరకదనిపించి ఆ కాగితాన్నే బోర్డుకి అంటించి, ఎక్కడ్నుంచి అబద్ధం మొదలైందో కనిపెట్టమన్నాను. దాదాపు సరిగ్గా పట్టుకున్నారు.

ఆ రోజు నుంచి క్లాసులో ఒక నియమం పెట్టాను. ఏ పని మొదలుపెట్టే ముందైనా ఎవరి ఊహ వాళ్లు రాసుకోవాలి. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో. ఇది చాదస్తంలా కనిపిస్తుంది కానీ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. ఊహ రాయని పిల్లవాడికి ఫలితం చూపిస్తే, "ఓహో, అలాగా" అంటాడు. తన చేత్తో రాసిన ఊహ తప్పయితే, "అదెలా?" అంటాడు. ఆ "అదెలా" వచ్చేదాకా నేను నోరు మూసుకోవాలి. నిజం చెప్పాలంటే అదే నాకు కష్టమైంది. పిల్లలు తికమక పడుతుంటే చెప్పేయాలని నాలుక దురద పెడుతుంది.

స్టాండర్డ్ డీవియేషన్‌ని ఈ పద్ధతిలోనే మళ్లీ మొదలుపెట్టాను. ఆ వైవా బాకీ అలాగే ఉంది కదా. అందర్నీ కళ్లు మూసుకోమని, ఒక నిమిషం అయిందనిపించగానే చెయ్యెత్తమన్నాను. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పక్కవాళ్లు సమయం రాశారు. మొదటిసారి మామూలుగా. రెండోసారి మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ. రెండింటికీ బోర్డు మీద గీత గీసి, ఎవరి చుక్క వాళ్లని పెట్టమన్నాను. రెండు సగటులూ 60కి అటూ ఇటుగానే వచ్చాయి. చుక్కలు మాత్రం మొదటిసారి బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా చెల్లాచెదురుగా ఉన్నాయి, రెండోసారి మధ్యలో గుమిగూడాయి. ఈ రెండు వరసలూ ఒకటేనా అని అడిగితే అందరూ కాదన్నారు. సగటు ఒకటే కదా అన్నాను. "సగటు ఒకటే గానీ..." అని ఆగిపోయారు. ఆ "గానీ" తర్వాత వచ్చే మాట కోసమే ఆ క్లాసంతా.

చెదిరిన తీరుకి ఒక అంకె మీరే తయారుచేయండి అన్నాను. ఒక గుంపు వాళ్లకి వచ్చిన అయిదు సమయాలు నాకిప్పటికీ గుర్తు: 52, 55, 60, 63, 70. సగటు 60. ఒక్కొక్కటీ సగటుకి ఎంత దూరమో రాశారు: మైనస్ 8, మైనస్ 5, సున్నా, 3, 10. కూడారు. సున్నా వచ్చింది. ఎక్కడో తప్పు చేశామని మళ్లీ కూడారు. మళ్లీ సున్నా. పక్క గుంపుకీ సున్నాయే. ఎవరికైనా సున్నాయే వస్తుందని తేలేసరికి, "మైనస్‌లు తీసేద్దాం" అని ఒకరు, "వర్గం చేద్దాం, మైనస్ అదే పోతుంది" అని ఇంకొకరు. మైనస్‌లు తీసేస్తే సగటు దూరం 5.2. వర్గాలు చేసి, సగటు తీసి, మూలం కడితే సుమారు 6.3.

అప్పుడొక అమ్మాయి అడిగింది. "మొదటిదే తేలిగ్గా ఉంది కదా మేడమ్. మరి పుస్తకంలో రెండోదే ఎందుకు పెట్టారు?"

ఎనిమిదేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, "వర్గం చేస్తే గణితానికి సౌకర్యం" అని దాటేసేదాన్ని. ఆ రోజు దాటేయడం కుదర్లేదు. రేపు చెబుతానని ఒప్పేసుకుని ఇంటికెళ్లి కూర్చున్నాను. మర్నాడు రెండు పాచికలు తీసుకెళ్లాను. ఒక పాచిక విస్తృతి, అంటే మూలం కట్టకముందున్న వర్గాల సగటు, లెక్క కట్టారు, 35/12 వచ్చింది. రెండు పాచికల మొత్తానికి 36 గళ్ల పట్టిక వేసి విస్తృతి కట్టారు. సరిగ్గా రెట్టింపు, 35/6. ఇప్పుడు మైనస్‌లు తీసేసే పద్ధతిలో చేయమన్నాను. ఒక పాచికకి 1.5, రెండింటి మొత్తానికి 1.94 చిల్లర. రెట్టింపు కాదు, ఇంకే తేలికైన లెక్కకీ అందదు. ఒకదానితో ఒకటి సంబంధం లేనివాటిని కలిపితే విస్తృతులు నేరుగా కూడుకుంటాయి. వర్గాల మీద మోజుకి ఇదొక పెద్ద కారణం. ఆ అమ్మాయి, "అయితే తేలికని కాదు, కలపడం కుదురుతుందని" అంది. ఆ వాక్యాన్నే నోట్సులో రాయించాను. నా మాట కన్నా అదే బాగుంది.

తర్వాత ఎన్ మైనస్ వన్ దగ్గర కూడా ఇలాగే చిన్న అంకెలు పట్టుకున్నాను. శాంపిల్ విస్తృతికి ఎన్‌తో (శాంపిల్‌లో ఉన్న అంకెల సంఖ్యతో) కాకుండా ఎన్ మైనస్ వన్‌తో ఎందుకు భాగించాలన్నది పిల్లలకి శాశ్వతమైన అనుమానం. పుస్తకంలో కారణంగా చెప్పే స్వేచ్ఛా పరిమితులు (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) అనగానే కళ్లు మూతలు పడతాయి. మొత్తం జనాభా మూడే అంకెలనుకోండి: 1, 3, 5. సగటు 3, విస్తృతి 8/3. ఇందులోంచి రెండేసి చొప్పున, తీసినదాన్ని మళ్లీ వేస్తూ, శాంపిల్స్ తీస్తే మొత్తం తొమ్మిదే వస్తాయి. తొమ్మిదీ బోర్డు మీద రాశాం. ఒక్కో దానికి ఎన్‌తో, అంటే 2తో భాగించి విస్తృతి కట్టాం. మూడు చోట్ల సున్నా, నాలుగు చోట్ల 1, రెండు చోట్ల 4. కూడితే 12. తొమ్మిదితో భాగిస్తే 4/3. రావలసింది 8/3, వచ్చింది అందులో సగం. ఇప్పుడు 2కి బదులు 1తో భాగించండి అన్నాను. అన్నీ రెట్టింపవుతాయి, మొత్తం 24, సగటు 8/3. ఖచ్చితంగా. క్లాసులో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఇది ఈ మూడు అంకెలకే కుదిరిందేమోనని ఒకడు 2, 4, 9 తీసుకుని మళ్లీ మొత్తం చేశాడు. చెప్పకుండానే చేశాడు. కుదిరింది. రుజువు మర్నాడు రాశాను. అప్పటికి దాని అవసరం వాళ్లకే పుట్టింది.

శాంపిల్ అంటే ఏమిటన్నది మాత్రం ఇంకా పైపైనే ఉంది. దానికి ఒక పాఠ్యపుస్తకం పేజీ వాడుకున్నాను. పేజీలో 112 పదాలు. పదాల సగటు పొడవు ఎన్ని అక్షరాలో తెలుసుకోవాలి, కానీ అన్నీ లెక్కపెట్టే ఓపిక లేదు. పేజీ మొత్తానికి ప్రతినిధుల్లా ఉండే అయిదు పదాలు మీ తెలివితో ఎంచుకుని సగటు కట్టండి అన్నాను. ఒత్తులూ గుణింతాలూ విడిగా లెక్కపెట్టొద్దని ముందే చెప్పాల్సి వచ్చింది, లేకపోతే ఆ తగాదా తోనే గంట గడిచేది. అందరి సగటులూ బోర్డు మీద చుక్కలుగా పెట్టాక, తర్వాత పదాలకి నంబర్లు వేసి, ఫోన్లో యాదృచ్ఛిక సంఖ్యలు తీసి, ఆ నంబర్ల పదాలతో మళ్లీ చేయించాను. అసలు సగటు నాకు ముందే తెలుసు, మూడున్నర దగ్గర. రెండో వరస చుక్కలు దాని చుట్టూ అటూ ఇటూ పరుచుకున్నాయి. మొదటి వరస చుక్కలు దాదాపు అన్నీ కుడివైపే. చిన్న పదాలు కంటికి ఆనవు. "ఒక", "ఆ", "కూడా" లాంటివి పేజీ నిండా ఉన్నా ఎవరూ ఎంచుకోలేదు. అందరూ ఎంతో నిజాయితీగా, జాగ్రత్తగా ఎంచుకుని, అందరూ ఒకే వైపు తప్పారు.

"అయిదే తీశాం కాబట్టి మేడమ్. ఇరవై తీస్తే సరిపోతుంది" అన్నారు. తీయమన్నాను. ఇరవై తీశాక చుక్కలు దగ్గరకు జరిగాయి గానీ, తప్పు చోటుకే దగ్గరగా జరిగాయి. 1936 అమెరికా ఎన్నికల కథ అప్పుడు చెప్పాను, ముందు కాదు. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. దాదాపు 24 లక్షల జవాబులు వచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని రాసింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలిచాడు. టెలిఫోన్ డైరెక్టరీల్లోంచి, కారు యజమానుల జాబితాల్లోంచి పేర్లు ఏరడం ఒక తప్పు, పంపినవాళ్లలో నాలుగో వంతు మందే జవాబివ్వడం ఇంకో తప్పు. చాలా చిన్న శాంపిల్‌తో, సర్వేలు చేసే గాలప్ అనే ఆయన రూజ్‌వెల్ట్ అనే చెప్పాడు. "పొడుగు పదాలే ఏరారన్నమాట" అన్నాడొకడు. నైటింగేల్ రోజున రాని మాట ఇలా వచ్చింది. కథ అదే బాపతుది. బోర్డు మీద తమ తప్పు చుక్కలు కళ్లెదురుగా ఉండగా విన్నారు, అంతే తేడా.

ఇంతవరకూ చదివితే అంతా బ్రహ్మాండంగా జరిగిందనిపిస్తుంది. లేదు. ఆ ఏడాది ఇంటర్నల్స్‌లో నా క్లాసు సగటు పడిపోయింది. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే స్పష్టంగా. డిపార్ట్‌మెంట్ మీటింగులో ఒక సీనియర్, "నాణేలు ఎగరేస్తే సిలబస్ అవదమ్మా" అన్నారు. అందరి ముందూ అన్నందుకు బాధేసింది. పేపర్లు తీసి చూసుకుంటే ఆయన అన్నదాంట్లో నిజమూ ఉంది. పిల్లలు ఆటలు ఆడారు, నవ్వారు, ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం కాగితం మీదికి రాలేదు. చుక్కల దగ్గర అర్థమైంది పట్టికలో గుర్తుపట్టలేకపోయారు. చేయించిన పనికి, పరీక్షలో వచ్చే లెక్కకి మధ్య వంతెన నేను కట్టలేదు. అది దానంతట అదే ఏర్పడుతుందనుకున్నాను.

తర్వాతి సెమిస్టర్ నుంచి గంటని మూడు ముక్కలు చేశాను. సగం సేపు పని. తర్వాత పది నిమిషాలు నిశ్శబ్దంగా రాయడం: ఈ రోజు ఏం జరిగింది, ఎందుకు జరిగింది, అంకెలు వాడకుండా రెండు వాక్యాల్లో. మిగిలిన సమయంలో నేను బోర్డు మీద ఫార్ములా రాసి, దాంట్లో ఒక్కో భాగం ఇందాక మనం చేసిన ఏ పనో అడుగుతాను. చివరికి పాత ప్రశ్నపత్రంలోంచి ఒక లెక్క. ఆ రెండు వాక్యాలే నాకు అసలు అద్దం. బాగా చేసేస్తున్నారనుకున్నవాళ్లు, "ప్రామాణిక విచలనం అంటే సగటు నుండి విచలనాల వర్గాల సగటు యొక్క వర్గమూలం" అని రాసేవాళ్లు. వెనకబడ్డారనుకున్న ఒకడు, "మనవాళ్లు మామూలుగా నిమిషానికి ఎన్ని సెకన్లు తప్పుతారో అది" అని రాశాడు. ఎవరికి వచ్చిందో చెప్పనక్కర్లేదు. చేయించేవి కూడా సగానికి తగ్గించాను. బాహుళకానికి (ఎక్కువసార్లు వచ్చే అంకె), వ్యాప్తికి (పెద్ద, చిన్న అంకెల తేడా) ఆటలు అక్కర్లేదు, నేరుగా చెప్పేస్తే పది నిమిషాల పని.

కంప్యూటర్ ల్యాబ్ గురించి పెద్దగా చెప్పను. ఎక్కడ నొక్కితే ఏ జవాబు వస్తుందో పిల్లలకి నాకన్నా బాగా తెలుసు. నేను కలిపిందల్లా ఒక్కటే. ఆన్‌స్కాంబ్ అనే గణాంక శాస్త్రవేత్త 1973లో ఇచ్చిన నాలుగు డేటా సెట్లు పంచి ముందు అంకెలు మాత్రమే కట్టమన్నాను. నాలుగింటికీ పదకొండేసి బిందువులు, సగటులు అవే, సహసంబంధ గుణకం (రెండు రాశులు ఎంతవరకు కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 0.816, బిందువులకి సరిపోయేలా గీసే గీత సమీకరణం కూడా ఒకటే. "మేడమ్, ఒకటే ఫైలు నాలుగుసార్లు ఇచ్చారు" అన్నారు. గ్రాఫ్ గీయమన్నాక ఒకటి మామూలు గీత, ఒకటి వంపు, ఒకటి ఒక్క బిందువు వల్ల వంగిన గీత, ఇంకొకటి నిలువుగా పేర్చిన బిందువులకి దూరంగా ఒంటరి చుక్క. ఇక నుంచి గ్రాఫ్ లేకుండా తెచ్చిన ప్రింటవుట్ తీసుకోనని చెప్పాను. మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

సంభావ్యతలో శాతాలు మానేసి మనుషుల్ని లెక్కపెట్టించడం ఇంకో మార్పు. ఒక జబ్బు నూటికి ఒకరికి ఉంటుందనుకోండి. ఉన్నవాళ్లలో 90 శాతం మందిని పరీక్ష పట్టేస్తుంది, లేనివాళ్లలో 10 శాతం మందికి పొరపాటున పాజిటివ్ అంటుంది. పాజిటివ్ వచ్చినవాడికి జబ్బు ఉండే అవకాశమెంత? పెన్నుతో రాయమంటే క్లాసులో ఎక్కువమంది 90 రాశారు. ఇలాంటి లెక్కకి పుస్తకంలో ఉండే బేయస్ సూత్రం పక్కన పెట్టి 1000 మందిని ఊహించుకోమన్నాను. జబ్బున్నవాళ్లు 10, అందులో దొరికేది 9. లేనివాళ్లు 990, పొరపాటున దొరికేది 99. మొత్తం 108 మంది పాజిటివ్, నిజంగా ఉన్నవాళ్లు 9. పన్నెండులో ఒకరు. 90 రాసిన ఒకమ్మాయి ఆ కాగితం మడిచి పుస్తకంలో దాచుకోవడం చూశాను.

ఒక రోజు టి పరీక్ష (చిన్న శాంపిల్స్ సగటులని పరీక్షించే పద్ధతి) చెబుతుంటే ఒకడు, "స్టూడెంట్స్ టి టెస్ట్ అంటే స్టూడెంట్స్ కోసం తేలిక చేసిందా మేడమ్?" అన్నాడు. వాడు వెటకారం చేయట్లేదు, నిజంగానే అడిగాడు. విలియం గాసెట్ అనే ఆయన గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేస్తూ 1908లో స్టూడెంట్ అన్న మారుపేరుతో ఈ పరీక్షకి మూలమైన వ్యాసం రాశాడని చెప్పి, దాంతోపాటు ఇంకోటి చెప్పాను. ఆయన తన సూత్రాన్ని పరీక్షించుకోవడానికి 3000 మంది నేరస్థుల కొలతలు అట్టముక్కల మీద రాసి, కలిపి, నాలుగేసి చొప్పున 750 శాంపిల్స్ తీశాడు. కంప్యూటర్ లేదు, చేత్తోనే. మీటింగులో నన్నన్న మాట గుర్తొచ్చి, ఈ ముక్క కొంచెం గట్టిగానే చెప్పినట్టున్నాను.

పరికల్పన పరీక్షల దగ్గరికి వచ్చేసరికి నాకే భయం. పి-వాల్యూ, అంటే కేవలం అదృష్టం వల్లే ఇంత ఫలితం గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ వచ్చే అవకాశం, నేను నేర్చుకున్నప్పుడూ అర్థం కాలేదు, ఎమ్మెస్సీ అయ్యాక కూడా చాలాకాలం. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ తన 1935 పుస్తకంలో చెప్పిన ఎనిమిది కప్పుల టీ ప్రయోగం (కప్పులో ముందు పోసింది పాలా, టీయా అని రుచి చూసి చెప్పడం) ఎత్తుకుందామనుకుంటుండగా ఒకడు తనంతట తనే దొరికాడు. ఒరిజినల్ ప్రింటుకీ జిరాక్స్ కాపీకీ తేడా కళ్లు మూసుకుని తడిమి చెప్పేస్తానని వాడి బడాయి. సరే రా అన్నాను.

ఎనిమిది కాగితాలు, నాలుగు ప్రింట్లు, నాలుగు జిరాక్స్‌లు. నాలుగేసి ఉన్నాయని వాడికి తెలుసు. వాడు ఏ నాలుగు ప్రింట్లో ఏరాలి. తడమకుండా గుడ్డిగా ఏరితే ఎన్ని రకాలుగా ఏరొచ్చో ముందు లెక్క కట్టాం, 70. నాలుగూ సరిగ్గా ఏరడం వాటిలో ఒక్కటే. వాడు చాలా గంభీరంగా ఒక్కో కాగితాన్నీ బొటనవేలితో నిమిరి నాలుగు పక్కన పెట్టాడు. మూడు సరి, ఒకటి తప్పు.

"వాడికి తెలిసినట్టే మేడమ్, ఎనిమిదిలో ఆరు సరిగ్గా వచ్చాయి" అని స్నేహితులు. "గుడ్డిగా ఏరినా వస్తాయి" అని మిగతావాళ్లు. ఎన్నిసార్లు వస్తాయో చూడండి అన్నాను. మూడు సరిగ్గా పడేవి 16 రకాలు, నాలుగూ పడేది ఒకటి, మొత్తం 70లో 17. నూటికి 24 సార్లు. అంటే ఏమీ తెలియనివాడు కూడా నాలుగుసార్లకి ఒకసారి ఈ మాత్రం చేస్తాడు.

"అయితే వాడికి తెలియదని రుజువైనట్టే" అన్నాడొకడు విజయగర్వంతో.

సరిగ్గా ఇక్కడే నేను ఎన్నో ఏళ్లు తప్పు చెప్పాను. "శూన్య పరికల్పనను అంగీకరిస్తాం" అని బోర్డు మీద రాసేదాన్ని. శూన్య పరికల్పన అంటే ఇక్కడ, వాడికి తేడా తెలియదన్న ఊహ. ఈసారి ఏమీ అనకుండా క్లాసు వంక చూశాను. పాచికల దగ్గర ప్రశ్న అడిగిన అమ్మాయే నెమ్మదిగా, "తెలియదని రుజువు కాలేదు. తెలుసని రుజువు కాలేదు. ఎనిమిది కాగితాలు చాలవేమో" అంది. బడాయి కుర్రాడికి ప్రాణం లేచొచ్చింది. రేపు ఇంకా ఎక్కువ కాగితాలు తెస్తాను, మళ్లీ పెట్టండన్నాడు.

మర్నాడు నేను వెళ్లేసరికి పన్నెండు కాగితాలు బల్ల మీద ఉన్నాయి, ఆరు ప్రింట్లు, ఆరు జిరాక్స్‌లు. వాడు కళ్లకి రుమాలు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కానీ పని మొదలవలేదు. బోర్డు దగ్గర నలుగురైదుగురు వాదించుకుంటున్నారు. ఎన్ని సరిగ్గా ఏరితే ఒప్పుకోవాలో ముందే తేల్చాలట. నిన్న చూశాక మాట్లాడుకోవడం వల్లే గొడవైందట. ఈ మాట నేను చెప్పలేదు, సిలబస్‌లోనూ లేదు. లెక్క వాళ్లే కట్టారు. మొత్తం 924 రకాలు. అయిదు గానీ ఆరు గానీ సరిగ్గా పడేవి 37. నూటికి నాలుగు. "అయిదు ఏరితే ఒప్పుకుంటాం, నాలుగు ఏరితే ఒప్పుకోం" అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి వాడి చేత సంతకం చేయించారు. రుమాలు కట్టుకునే చేశాడు, వంకరగా వచ్చింది.

ఏరాడు. నాలుగు సరి, రెండు తప్పు.

రుమాలు విప్పి కాసేపు కాగితాల వంక చూసి, "జిరాక్స్ షాపులో టోనర్ మార్చినట్టున్నారు మేడమ్" అన్నాడు. సంతకం చేశావు కదరా అని వెనకనుంచి అరిచారు.